ఠీక్ హై అంటే చాలదు

పోయిన నెల ఒకమ్మాయి మా క్వార్టర్ వెతుక్కుంటూ వచ్చింది. ఇక్కడ ఖరగ్‌పూర్ ఇంజనీరింగ్ సంస్థలో పరిశోధన చేస్తోందట. వరంగల్ వైపు పిల్ల, ప్రేమ్ బజార్లో గది తీసుకుని ఉంటోంది. సైకిలు గేటుకి ఆనించి, చెప్పులు విప్పి, నన్ను "ఆంటీ" అని పిలిచింది. ఇంకొన్నేళ్ళలో ఫోను మనిషి జేబులోకి వచ్చేస్తుందని, అప్పుడు గర్భం తీయించుకున్న ఆడవాళ్ళకి మళ్ళీ కడుపు రాకుండా ఏం చెయ్యాలో ఫోనులోనే చెప్పొచ్చని, దానికొక పద్ధతి తయారుచేస్తున్నానని చెప్పింది. నేను రైల్వే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. మీరు ఆ పని ఎప్పుడో చేశారటగా అంది. ఎవరు చెప్పారని అడగలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయే మా ట్రాఫిక్ కాలనీలో ఆ ప్రశ్నకి అర్థం లేదు.

"అన్నీ ఆలోచించిన ఆంటీ. ఒక్క దగ్గరే ఆగిపోయింది. ఫోను అత్తగారు ఎత్తితే ఎట్ల?" అంది.

నేను టీ పెట్టడానికి లేచాను. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది. ఆ అమ్మాయికి చెప్పినదాన్నే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. జబ్బు సంగతులు చెప్పుకోవడం నాకు మహా చిరాకు, కాబట్టి అక్కర్లేనివి వదిలేస్తాను. అదే దారిలో ఉన్నవాళ్ళెవరైనా చదివితే కొంచెం ధైర్యం వస్తుందేమో.

1986, శ్రావణం

అప్పటికి నాకు ముప్ఫై. పెద్దది బడికి వెళ్తోంది, చిన్నవాడు ఇంకా పాలు మానలేదు. మా ఆయన రామారావు కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలర్. లైను మీది స్టేషన్ మాస్టర్లకి ఏ బండి ఎక్కడ ఆపాలో, ఏది ముందు వదలాలో ఫోనులో చెప్పే ఉద్యోగం. ఆ పనిలో ఒక నియమం ఉంది. విన్నవాడు విన్నదంతా తిరిగి చెప్పాలి. "సరే" అంటే ఒప్పుకోరు, "ఠీక్ హై" అంటే అసలే ఒప్పుకోరు. ఒక్కోసారి ఇంటి నుంచి మాట్లాడినా అంతే, "తిరిగి చెప్పండి మాస్టారూ" అని గోడలదిరేలా అరిచేవారు.

అందుకోసమే మా ముందు గదిలో, గూట్లో రైల్వే ఫోను ఉండేది. దాని పక్కనే మా అత్తమ్మ మంచం. టెక్కలి దగ్గరి పల్లె నుంచి కొడుకు ఉద్యోగంతోపాటు ఖరగ్‌పూర్ వచ్చేసింది. ఫోను మోగిందంటే ఇంట్లో ఇంకెవరికీ అవకాశం లేదు. "ఎవులూ?" అని ఆవిడ అరిచే అరుపుకి అవతల పెద్ద ఆఫీసర్లు కూడా తమ పేరూ హోదా చెప్పేసేవారు.

మూడోసారి కడుపు నిలిచింది. నా ఒంట్లో రక్తం లేదు, ఈ కాన్పు తట్టుకోలేవని డాక్టరమ్మ చెప్పింది. మేమిద్దరం అనుకుని తీయించుకున్నాను. చట్టప్రకారం, ఆసుపత్రిలో, మంచి డాక్టరు చేతి మీదుగా. ఏడవలేదు. ఏడుపు రాలేదేమిటని తర్వాత కొన్నాళ్ళు నన్ను నేనే అనుమానంగా చూసుకున్నాను. అత్తమ్మకి మాత్రం, రక్తం తక్కువైంది, ఆసుపత్రిలో ఉండాలి అని చెప్పాం. "అలగేటి" అని ఊరుకుంది. ఇంకేమీ అడగకపోతే నమ్మేసిందనుకున్నాం.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకి చలిజ్వరం పట్టుకుంది. లోపల ఏదో మిగిలిపోయి చీము పట్టిందని తర్వాత తెలిసింది. నాకు తెలిసిందల్లా నడుము విరిగిపోతున్నట్టుండటం, పిల్లాడి ఏడుపు ఎక్కడో వీధిలోంచి వినిపిస్తున్నట్టుండటం. రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళాం. వరండాలో పొడవాటి బల్ల ఉంది, కానీ ఫ్యాను దాని ఒక కొసకే గాలి కొడుతుంది. ఆ కొస కోసం పెద్ద పోటీ. అక్కడ కూర్చున్న ఒక బెంగాలీ ముసలమ్మ నన్ను చూసి, "బోషో మా" అని లేచి తన చోటు ఇచ్చేసి, గోడకానుకుని నిలబడింది. ఆవిడ మొహం ఇప్పుడు గుర్తు లేదు. ఆ గాలి గుర్తుంది.

వార్డులో రెండు వారాలకి పైనే ఉన్నాను. ఆయన డ్యూటీ దిగి టిఫిను కేరియరు పట్టుకుని వచ్చేవారు. పగలంతా ఫోనులో మాట్లాడి వచ్చిన మనిషి నా దగ్గర నోరు మెదిపేవారు కాదు.

"పిల్లాడు ఏడుస్తున్నాడా?"

"ఏడుస్తున్నాడు."

"అత్తమ్మ సముదాయించలేకపోతోందా?"

"లేకపోతోంది."

ఒక అబద్ధమాడితే సొమ్మేం పోయింది? ఆ కేరియరు ఆయన మొహాన విసరాలనిపించేది. తర్వాత ఆయన నా చెప్పులు చప్పుడవకుండా మంచం కింద సర్ది, గ్లాసు నా చేతికందేలా పెట్టి వెళ్ళేవారు. అప్పుడు ఏడుపొచ్చేది.

ఆ వార్డులో కుటుంబ నియంత్రణ సిస్టరు ఒకావిడ ఉండేది, మాయా దీదీ. బెంగాలీ మనిషి. మా కాలనీ ఆడవాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకుంది గనక అచ్చం మా శ్రీకాకుళం మాటే మాట్లాడేది, రాగం మాత్రం బెంగాలీది. "ఏటమ్మా, తిన్నావేటి? అన్నం ఒగ్గీసినావంటే నేను ఊరుకోను" అని మంచాల మధ్య తిరిగేది. ఆవిడ వస్తే వార్డంతా కాస్త తేలికపడేది.

ఇంటికి పంపే రోజు నేను చీర మార్చుకుంటుంటే, డాక్టరమ్మ వరండాలో మా ఆయనతో మాట్లాడింది. పక్కన మాయా దీదీ ఉంది. "ఠీక్ హై డాక్టర్, ఠీక్ హై" అనే మాట తెర వెనక నుంచి నాకు వినబడింది. ఆయనకి గంటలో డ్యూటీ. రిక్షాలో మాత్రల పొట్లం నా చేతికిచ్చారు.

"ఏడాదిలోపు మళ్ళీ కడుపైతే నీ ప్రాణానికే ప్రమాదమన్నారు. కాపర్ టీ ఇప్పుడే వెయ్యరట, ముందు లోపల మానాలి. అంతదాకా ఈ మాత్రలు వేసుకోమన్నారు. నెలసరి వచ్చాక మొదలెట్టాలి."

రోడ్డు వైపు చూస్తూ చెప్పారు. నేను పొట్లం సంచిలో పెట్టుకున్నాను.

పూజల రోజులు

ఇంటికి వచ్చిన రోజే అత్తమ్మ ఇల్లు మార్చేసింది. తన పక్క లోపలి గదిలోకి, నా మంచం పక్కకి చేరింది. పిల్లలిద్దరూ మా మధ్య. కొడుకుని ముందు గదిలోకి తోసింది.

"ఫోను కొడితే నాను లెగలేనురా. కాళ్ళు లాగీస్తన్నాయి. నువ్వే ఫోను కాడ తొంగో."

"నిన్నటిదాకా పరిగెత్తి ఎత్తావు కదే?" అన్నారాయన.

"నిన్న నిన్నే, ఇయ్యాల ఇయ్యాలే."

నాకు ఒళ్ళు మండింది. చావు తప్పి ఇంటికొచ్చిన మనిషికి మొగుడు పక్కన కాసేపు కూర్చోకూడదా? నా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంటే చాలనిపించేది. ఆ మాట ఆయనకీ చెప్పలేదు, ఆవిడకీ చెప్పలేదు. ముసలావిడకి కొడుకు కోడలి దగ్గర ఉండటం గిట్టదు అనుకుని, పళ్ళు బిగించుకుని పడుకున్నాను.

దుర్గాపూజకి మా ఆడపడుచు కబురు పెట్టింది, ఝపటాపూర్లో పందిళ్ళు బాగున్నాయి, వచ్చి నాలుగు రోజులుండమని. అత్తమ్మ వెళ్ళనా మాననా అని ఊగిసలాడి, చివరికి పిల్లలని తీసుకుని బయల్దేరింది. గేటు దగ్గర ఆగి, "ఒరే, ఫోను కాడే తొంగో. లోపలికి ఎల్లీకు" అని కొడుక్కి చెప్పింది. ఆయన నవ్వారు.

ఆ నాలుగు రోజులూ ఇల్లు మాదే. నేను భయపడితే ఆయన అన్న మాట నాకు గుర్తుంది.

"నెల ఇంకా రానేలేదు కదా సరోజా. పట్టాల రిపేరుకి లైను మూసేసినట్టే. మూసేసిన లైను మీదికి బండి ఎలా వస్తుంది?"

నవ్వాను. నవ్వి చాలా కాలమైంది. మా కాలనీలో అందరికీ తెలిసిన శాస్త్రమే అది. కాన్పయినా కడుపు పోయినా, మళ్ళీ బయట చేరేదాకా గర్భసంచి మూసుకునే ఉంటుందని మా అమ్మమ్మల నుంచీ చెప్పుకుంటున్నదే. నేనూ అదే నమ్మాను.

దీపావళి ముందు

మళ్ళీ డ్యూటీలో చేరాను. నెల రాలేదు. అత్తమ్మ తిరిగొచ్చి మళ్ళీ కొడుకుని ఫోను దగ్గరికి తోలేసింది, అయినా నెల రాలేదు. ఆవనూనె వాసనకి కడుపులో తిప్పింది. ఒకరోజు తిప్పలేదు, ఆ రోజంతా తేలిగ్గా ఉన్నాను. మర్నాడు మళ్ళీ తిప్పింది. ఇది నీరసమో మరొకటో తేల్చుకోలేక, ఎక్స్ఛేంజి బోర్డు ముందు కూర్చుని ఒకరికి కలపాల్సిన లైను ఇంకొకరికి కలిపేదాన్ని.

చచ్చిపోతానని భయం వేసింది. అంతకంటే గొప్పగా చెప్పడానికి ఏమీ లేదు. చిన్నవాడికి సీసా మాన్పించి గ్లాసుతో పాలు అలవాటు చేశాను. పెద్దదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన జడ తనే అల్లుకోవడం నేర్పాను. దాని వేళ్ళు చిన్నవి, మూడో పాయ జారిపోయేది. "నువ్వున్నావుగా, నువ్వెయ్యి" అనేది. "నేర్చుకో" అని కసిరాను. ఆయనకి అనుమానమైతే వచ్చింది, కానీ అడిగే ధైర్యం రాలేదు. ఇద్దరం పగలంతా ఫోన్ల మీద బతికేవాళ్ళమే, ఇంట్లో మాత్రం లైను చచ్చిపోయింది.

చివరికి ఒక సాయంత్రం టీ వేళ, బోర్డు కాస్త ఖాళీగా ఉన్నప్పుడు, ఆసుపత్రికి లైను కలుపుకుని మాయా దీదీని అడిగాను.

"దీదీ, నేను సరోజని. నెల రాలేదు. మాత్రలు ఇంకా మొదలెట్టలేదు."

దీదీ గొంతు పెంచింది.

"నెల ఒచ్చాక మొదలెట్టాలని ఎవులు సెప్పినారు?"

"ఆయన చెప్పారు."

"ఆయనకెవులు సెప్పినారు? నేను పక్కనే ఉన్నాను గదా! డాక్టరమ్మ ఆ రోజు నుంచే ఏసుకోమంది. ఇను సరోజా. గర్భం తీశాక మళ్ళీ కడుపు నిలవడానికి నెల రానక్కర్లేదు. రెండు వారాలు సాలు. బుఝేఛో?"

అర్థమైంది. ఆయన అబద్ధం చెప్పలేదు. సగం విని, మిగతా సగం కాలనీ శాస్త్రంతో నింపుకున్నారు. ఒక గూడ్సు బండి విషయంలో అలా చేస్తే ఉద్యోగం ఊడేది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చూసింది, పరీక్షకి ఇచ్చి వచ్చాను. ఫలితం దీదీ ఫోనులో చెప్తానంది. బోర్డు దగ్గర పక్కవాళ్ళు వింటారు గనక, నాకు సెలవైన రోజు ఇంటికి చెయ్యమన్నాను. నా ఉద్యోగపు తెలివంతా పెట్టి ఏర్పాటు చేశాను. అత్తమ్మ భోజనం చేసి కునుకు తీసే వేళ చెయ్యాలి. దీదీ అడిగేదానికి నేను అవుననో కాదనో అంటే సరిపోవాలి. ఒకవేళ అత్తమ్మే ఎత్తితే, ఎక్స్ఛేంజి నుంచి డ్యూటీ గురించి అని చెప్పి పెట్టెయ్యాలి.

ఆ రోజు పెద్దది బడిలో పడి మోకాలు చీరుకుందని కబురొచ్చింది. పరుగెత్తాను. దాన్ని చంకనేసుకుని తిరిగొస్తుంటే, గేటు దగ్గరే అత్తమ్మ గొంతు వినిపించింది. అక్కడే ఆగి విన్నాను.

"డూటీ గురించేటి? ఎక్సేంజోళ్ళు నాకు తెల్దేటి? ఆళ్ళు అమ్మా అని కూడా అనరు. నువ్వు ఆసుపత్రి మాయమ్మవి... సెప్పకు. నువ్వేటీ సెప్పకు, నాను సెప్తాను, ఇను. కోడలు కడుపు తీయించుకుంది, నాకు తెలుసు. రగతం తక్కువంటే నమ్మీడానికి నానేటి సిన్నగుంటనా? తొమ్మిదిమందిని కన్నాను, నలుగురు మిగిలినారు. మళ్ళీ కడుపైతే ఇది దక్కదని దాని మొకం సూస్తే తెలీదేటి? అందుకే నా కొడుకుని ఈ ఫోను కాడ కట్టీసినాను. కాళ్ళ నొప్పులేటి, నా బొంద! ఆ పూజకి ఎల్లకుండా ఉండాల్సింది. ఎల్లీసినాను. ఇప్పుడేటైనాదో నాకొద్దు, దానికే సెప్పు. కానీ బేగి సెప్పు తల్లీ. పిల్ల సేత జడ అల్లిస్తంది. సూళ్ళేక సస్తన్నాను."

నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ నన్ను చూసింది, కళ్ళు తుడుచుకోలేదు. రిసీవరు నా చేతిలో పెట్టి, పిల్లని తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"సరోజా, నేను ఆమెకి ఒక్క ముక్క సెప్పలేదు" అంది దీదీ.

"తెలుసు. చెప్పండి."

"లేదు. కడుపు లేదు. నీరసానికే నెల ఆగింది."

గూటి కింద నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. వార్డులో ఏడవాల్సింది, అంతకు ముందు ఏడవాల్సింది, అంతా అప్పుడే వచ్చింది. అత్తమ్మ పెరట్లోంచే పిలిచి, "ఉందేటి?" అంది. లేదన్నాను. తర్వాత గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టి, "లే. మొకం కడుక్కో" అంది.

ఆయన డ్యూటీ దిగి రాగానే దీదీకి ఫోను చేయించాను. ఆవిడే అలా కోరింది. ఆయన నిలబడి విన్నారు. మాత్ర ఇవాళే మొదలెట్టాలని, రోజూ ఒకే వేళకి వేసుకోవాలని, మొదటి వారం ఆయన జాగ్రత్త ఆయన తీసుకోవాలని, ఒక్క రోజు తప్పినా తమకి తోచింది చెయ్యకుండా ఫోను చెయ్యాలని దీదీ చెప్తోంది. పక్కనే ఉన్న నాకు సన్నగా వినబడుతూనే ఉంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఠీక్ హై సిస్టర్" అని రిసీవరు దించబోయారు.

అత్తమ్మ మంచం మీంచి లేచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఠీక్ హై ఏటిరా? ఇస్టేసను మాస్టరు ఠీక్ హై అంటే బండి ఒగ్గీస్తావేటి? ఇల్లదిరిపోయేలాగ వల్లె ఏయిస్తావు గదా! తిరిగి సెప్పు."

ఆయన తల్లిని చూశారు, నన్ను చూశారు. రిసీవరు మళ్ళీ చెవికి ఆనించుకుని గొంతు సవరించుకున్నారు. కంట్రోల్లో మాట్లాడే గొంతు అది. "మాత్ర ఇవాళ నుంచి. నెల కోసం ఆగకూడదు. రోజూ ఒకే వేళకి..." అక్కడ ఆగి, అరచేత్తో మొహం తుడుచుకున్నారు. అవతల దీదీ కూడా ఆగింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, చివరిదాకా చెప్పారు. నేను ఆయన్ని అప్పుడే క్షమించేశాను, ఆ మాట పైకి చెప్పడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆ తర్వాత

కార్తీకం మధ్యలో నెల వచ్చింది. ఒంట్లో రక్తం పట్టడానికి ఏడాది పైనే పట్టింది. తర్వాత కాపర్ టీ వేయించుకున్నాను. మళ్ళీ ఆ భయం నా ఇంటికి రాలేదు.

మాయా దీదీ తన వార్డు నుంచి ఇళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళకి ఒక మాట చెప్పి పంపడం మొదలుపెట్టింది. సందేహం వస్తే సాయంత్రం టీ వేళ ఎక్స్ఛేంజికి ఫోను చేసి, దీదీ కావాలనండి. పేరు చెప్పక్కర్లేదు. నేను కలిపి, వినే మీట మూసేసి, చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మేము ఎవరి ఇంటికీ ఫోను చెయ్యం, వాళ్ళకి వీలైనప్పుడు వాళ్ళే చేస్తారు. మొగుడు కూడా వింటానంటే మహదానందం. ఎవరైనా సరే, విన్నది తిరిగి చెప్పకుండా పెట్టకూడదు. ఇదీ మా పద్ధతి మొత్తం. నా డ్యూటీ మారినప్పుడు తోటి ఆపరేటర్లు కలిపేవారు, వాళ్ళూ వినేవారు కాదనే నమ్ముతాను.

ఇంట్లో ఫోను లేనివాళ్ళు మా ఇంటికి వచ్చేవారు. అత్తమ్మ మా అందరినీ పెరట్లోకి తరిమి, తలుపు దగ్గరగా వేసి, గడప అవతల పీట వేసుకుని కూర్చునేది. మొదట కాపలా మాత్రమే. రోజూ అవే మాటలు చెవిన పడి పడి, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. క్రమంగా కొంతమంది ఇంటికే ఫోను చేసి, "మామ్మ ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. వరంగల్ అమ్మాయికి టీ ఇచ్చి, ఫోను అత్తగారు ఎత్తితే ఎట్ల అన్న ప్రశ్నకి చివరగా నేను చెప్పిన సంగతి ఇది. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొస్తున్నాను. కిటికీలోంచి అత్తమ్మ కనిపించింది, మంచం అంచు మీద, రిసీవరు రెండు చేతులతో పట్టుకుని. అవతల ఎవరో చిన్నపిల్లే అయివుంటుంది, ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"డాక్టరమ్మ ఇయ్యాలే ఏసుకోమందా లేదా? మరి నెల రానీ, మైల తీరనీ అని కూకుంటావేటి? లోపల సంచి మూసుకోదమ్మా, అదంతా ఒట్టి మాట. నా కోడలు ఆ మాట నమ్మే సావు భయం సూసొచ్చింది. ఇయ్యాలే ఏసుకో. జొరమొచ్చినా రగతం పోయినా మాయమ్మ కాడికి పరిగెట్టు, నాకు ఫోను సెయ్యకు... భయమేటి, నానున్నాను. సరే అనకు. సరే అంటే నాను ఒప్పుకోను. ఏటి సెప్పినానో తిరిగి సెప్పు."

తల వంచుకుని వింది. ఆ పిల్ల చెప్తున్నంతసేపూ ఆవిడ పెదాలు కూడా కదులుతూనే ఉన్నాయి.

"ఆఁ," అంది. "ఇప్పుడు ఫోనెట్టీ."